బందరులో రెండు రాత్రులు

కళాశాల వార్షిక పత్రికకు ఏటా ఒక సాహిత్య వ్యాసం వ్రాసి ఇవ్వడం మాకు పరిపాటి. ఈసారి ప్రబంధాలను గురించి గాని, శతకాలను గురించి గాని వ్రాయడం లేదు. గత డిసెంబరు నెలలో ముగ్గురు విద్యార్థులను వెంటబెట్టుకొని బందరు వెళ్ళి, అక్కడ ఒక చిన్న లాడ్జీలో రెండు రాత్రులు గడిపి వచ్చాము. ఆ లాడ్జీలో మేము చేసిన ఒక పొరపాటును, దానిని దిద్దుకొన్న తీరును మా విద్యార్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసానికి ఉద్దేశం. గురువు తన తప్పును తానే చెప్పుకోవడంలో తక్కువతనం ఏమీ లేదని మా నమ్మకం.

ప్రయాణానికి ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పవలసి ఉన్నది. హిందూపురం బెల్లం మండీలో హమాలీగా పనిచేసే ఒక తండ్రి కుమారుడు మా తరగతిలో చదువుతున్నాడు. ఒకనాడతడు మా వద్దకు వచ్చి, రెండవ భాషగా తెలుగు మాని ఉర్దూ తీసుకొంటానని దరఖాస్తు ఇచ్చాడు. ఉర్దూ మా తల్లి జోలపాడిన భాష. దానిని ఎవరు చదువుతామన్నా మాకు సంతోషమే. అయితే కారణం అడుగగా, “తెలుగు మనది కాదు కదా సార్, ఇంట్లో అందరూ అదే అంటా ఉండారు” అన్నాడు.

మేము తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని పన్నెండు సంవత్సరాలుగా ఆ భాషే బోధిస్తున్నాము. కనుక తెలిసిన సమాధానాలన్నీ ఏకరువు పెట్టాము. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని తమవానిగా పిలుచుకొన్నారన్నాము. అచ్చతెలుగు కావ్యాలలో మొదటిదని చెప్పుకొనే యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన్న అంకితమిచ్చింది అమీన్‌ఖాను అనే గోల్కొండ అధికారికేనన్నాము. పిఠాపురం ఉమర్ ఆలీషా కవిగారి పేరు చెప్పాము. అతడు వినయంగా అంతా విని, “అవన్నీ రాజుల సంగతులు, పెద్ద పెద్ద కవుల సంగతులు. మా మాదిరి వాళ్ళకు ఏముంది సార్?” అన్నాడు. ఆ ప్రశ్నకు మా వద్ద జవాబు లేకపోయింది. సెలవుల తరువాత చూద్దామని చెప్పి, దరఖాస్తును మేజా సొరుగులో ఉంచాము.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలుమార్గం మీద వరుసగా ఉన్న ఊళ్ళు. మేమూ ఈ విద్యార్థీ హిందూపురంలో రైలెక్కాము. పెనుకొండలో రెండవవాడు, ధర్మవరంలో మూడవవాడు కలిశారు. పెనుకొండవాని ఇల్లు బాబయ్య దర్గాకు దగ్గర. ధర్మవరంవాని ఇంట్లో తండ్రీ అన్నలూ పట్టుమగ్గం నేస్తారు. ముగ్గురిలో ఒక్కడైనా సముద్రం చూచి ఎరుగడు. ధర్మవరంలో రైలు మారి, రాత్రంతా ప్రయాణం చేసి, విజయవాడలో దిగి, అక్కడి నుండి 70 కిలోమీటర్ల బస్సు ప్రయాణం తరువాత మధ్యాహ్నానికి బందరు చేరాము.

మొదట అడిగిన చోట, ఆధార్ కార్డులు చేతికి తీసుకొని చూచి, గదులు లేవన్నారు. మాకు వెనుక వచ్చిన కుటుంబానికి గది దొరికిందా లేదా అని మేము తిరిగి చూడలేదు. చూడకపోవడమే మంచిదని మాకు అలవాటైన విద్య. విద్యార్థులు మాత్రం తిరిగి చూచారు. ఏమి చూచారో వారు చెప్పలేదు, మేము అడుగలేదు. సంచులు భుజాన వేసుకొని కోనేరు సెంటరు వైపు నడిచాము.

అక్కడొక సందులో పాతకాలపు మేడ. క్రింద బియ్యం కొట్టు, పైన లాడ్జీ. అరవై దాటిన మేనేజరుగారు ముక్కు మీది కళ్ళద్దాల పైనుండి మమ్ములను చూచి, నాలుగు మంచాల గది రోజుకు తొమ్మిది వందలన్నారు. ఒప్పుకొన్నాము. ఆయన రిజిస్టరు తెరిచి మా ముందుకు జరిపారు. పేరు, తండ్రి పేరు, చిరునామా, వచ్చిన తారీఖు వరుసగా నింపి, ‘వృత్తి’ అన్న గడి దగ్గర మా కలం ఆగింది.

ఎందుకు ఆగిందో దాచకుండా చెప్పాలి. రైలులో గాని, పెళ్ళిళ్ళలో గాని, పరీక్షా కేంద్రాలలో గాని, మా పేరు విన్న తరువాత మేము బోధించేది తెలుగని తెలియగానే ఎదుటివారి నోట వచ్చే మాట ఒక్కటే: “మీరు తెలుగు చెబుతారా!” ఆ ఆశ్చర్యంలో ద్వేషం ఉండదు. మెచ్చుకోలే ఉంటుంది. కాని అది ఇంటికి వచ్చిన చుట్టాన్ని మెచ్చుకొనే మెచ్చుకోలు. ఇంటివానిని ఎవరూ అట్లా మెచ్చుకోరు. రాత్రంతా నిద్ర లేదు. అంతకు ముందే ఒక గుమ్మం నుండి వెనుదిరిగి వచ్చాము. ఆ ప్రశ్నను మరొకసారి వినే ఓపిక లేక ‘అధ్యాపకుడు’ అని మాత్రం వ్రాసి ఊరుకొన్నాము. “ఏం చెబుతారండి మాస్టారూ?” అని ఆయన అడగనే అడిగారు. భాషలు చెబుతామని తప్పించుకొన్నాము. ప్రక్కనే నిలుచున్న హిందూపురం విద్యార్థి రిజిస్టరు వంక చూచి, తరువాత మా ముఖం వంక చూచాడు. ఏమీ అనలేదు. అతని దరఖాస్తు మీద మేము సంతకం పెట్టినట్లే అయిందని మాకు ఆ క్షణంలో అనిపించింది.

గది సామాన్యమైనది. సున్నపు గోడలు, నాలుగు ఇనుప మంచాలు, ఒక అలమారా, చప్పుడు చేసే ఫ్యాను. స్నానపు గదిలో ఒక బాల్చీ. వేడినీళ్ళు ఉదయం ఆరు నుండి ఏడు వరకే. దోమలకు మాత్రం వేళాపాళా లేదు. మేనేజరుగారు స్వయంగా దుప్పట్లు తెచ్చి ఇచ్చి, వెళుతూ వెళుతూ గుమ్మంలో ఆగి, “మాస్టారూ, పడమర ఆ కిటికీ వైపండి. మీకు కావలసి ఉంటుంది కదా” అన్నారు. మేము అడగలేదు. ఆ మాట చాలాసేపు మా చెవిలో నిలిచింది.

ఆ సాయంత్రమే మరొక వింత. పెనుకొండ విద్యార్థి క్రిందికి దిగి, “తాగే నీళ్ళు యాడ పట్టుకోవాల?” అని అడిగాడు. మేనేజరుగారికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పించుకొని విని, హాయిగా నవ్వి, “బెంగుళూరు వైపు వారా బాబూ?” అన్నారు. పెనుకొండ వాడినంటే ఆయనకు వెంటనే తోచలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తరువాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకొన్న ఊరని మేము చెప్పవలసి వచ్చింది. బందరువారికి మేము పరాయివారమే. అయితే ఆ పరాయితనం మా పేర్ల వల్ల వచ్చినది కాదు, మా సీమ యాస వల్ల వచ్చినది. విద్యార్థులు గదిలోకి వచ్చి దీనిని తలచుకొని ఒకటే నవ్వు. మాకూ నవ్వు వచ్చింది.

మరునాడు మంగినపూడి వెళ్ళాము. నల్లని ఒండ్రునేల మీదికి వచ్చిపోయే అలలను చూచి ముగ్గురూ చాలాసేపు మాట లేకుండా నిలబడ్డారు. తరువాత బందరుకోట శిథిలాలు, డచ్చివారి సమాధులు చూచాము. గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు ఇదే. డచ్చివారు 1605 ప్రాంతంలో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడ వర్తకానికి దిగారు. పారశీక దేశపు ఓడలు వచ్చిన రేవు కూడా ఇదే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది మరణించారు. ఆ దెబ్బ నుండి ఊరు మళ్ళీ పూర్వపు స్థితికి రాలేదు. కొత్త రేవు పనులు 2023లో మొదలయ్యాయి. సమాధుల మీది అక్షరాలను తడిమి చూస్తూ ధర్మవరం విద్యార్థి, “వీళ్ళు గూడా మన మాదిరే రెండు రాత్రులకని వచ్చినోళ్ళే గదా సార్” అన్నాడు.

ఆ రాత్రి కరెంటు పోయింది. గదిలో ఉక్క భరించలేక వసారాలో చాపలు పరచుకొని కూర్చున్నాము. మేనేజరుగారూ కుర్చీ తెచ్చుకొన్నారు. గుమ్మానికి వేలాడే పరదాను లాంతరు వెలుగులో చూచి ధర్మవరం విద్యార్థి అది అచ్చు అద్దిన బట్ట అని పోల్చాడు. నేతవాని కన్ను గదా! అది పెడన కలంకారీ అని, తమ బంధువులలో అద్దకంవారు ఉన్నారని మేనేజరుగారు చెప్పారు. బట్టను కరక్కాయ రసంలో ముంచే పద్ధతి, చెక్క అచ్చుల సంగతి వివరించారు. నలుపు రంగు ఎట్లా వస్తుందని అడిగితే, తుప్పు పట్టిన ఇనుపముక్కలు, బెల్లం కలిపి నీళ్ళలో కొన్నాళ్ళు ఊరవేస్తారని అన్నారు.

అంతవరకు గోడకు ఆనుకొని మౌనంగా ఉన్న హిందూపురం విద్యార్థి లేచి కూర్చున్నాడు. “బెల్లమా?”

“బెల్లమే బాబూ.”

“మా నాయన మోసేది బెల్లం మూటలే.”

“అట్లాగా! మరి మీ నాన్నగారు మోసిన మూట ఏ ఊళ్ళో నలుపుగా తేలిందో ఎవరికి తెలుసు?” అన్నారు ఆయన.

ఆ విద్యార్థి లేచి వెళ్ళి పరదా అంచు పట్టుకొని ఆ నల్లని గీతలను చాలాసేపు చూచాడు.

అప్పుడు మాకు సొరుగులోని దరఖాస్తు గుర్తుకు వచ్చింది. కలంకారీలో కలం అరబ్బీ నుండి వచ్చిన మాట, కారీ పారశీకం. బెల్లం తెలుగు. మేము పడుకొనే మంచం సంస్కృతం. అలమారా, బాల్చీ పోర్చుగీసువారు తెచ్చిన మాటలు. చిరునామా, తారీఖు, ఖాళీ, కిరాయి, రసీదు, పరదా, ఆ మాటకు వస్తే బందరు, ఇవన్నీ మా ఇంటి భాష వైపు నుండి వచ్చినవే. బందరు అంటే పారశీకంలో రేవు. ఈ ఊరిలోనే కొంతకాలం ఉద్యోగం చేసిన బ్రౌనుదొర, తెలుగులో కలిసిపోయిన ఇటువంటి మాటలకు 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువే అచ్చువేశాడు. ఈ మాటలను తెచ్చినవారు రాజులు మాత్రమే కారు. సరంగులు, గుమాస్తాలు, అద్దకంవారు, మూటలు మోసినవారు. ఒక రాత్రికి దిగిన మాట తెల్లవారి వెళ్ళిపోలేదు, ఇంట్లో మనిషి అయిపోయింది. నేడు బందరు అనే మాటను పరాయిదని ఏ తెలుగువాడూ అనడు. ఈ జవాబు మేజా ముందు కూర్చొన్ననాడు మాకు తోచలేదు. తొమ్మిది వందల గదిలో, కరెంటు లేని రాత్రి తోచింది. విద్యార్థులతో ఇదే చెప్పాము. ఆ చీకటిలో వారి ముఖాలు కనిపించలేదు.

ఉదయం బిల్లు చెల్లించే వేళ మేనేజరుగారు వెళ్ళిన సమయం వ్రాయమని రిజిస్టరు ఇచ్చారు. మేము సమయం వ్రాసి, పైకి వెళ్ళి, మొన్న వ్రాసిన ‘అధ్యాపకుడు’ అన్న మాటకు ముందు ఇరుకుగా ఉన్న చోటులోనే ‘తెలుగు’ అని చేర్చాము. హిందూపురం విద్యార్థి ప్రక్కనే ఉన్నాడు. మేనేజరుగారు కళ్ళద్దాలు సర్దుకొని చదివారు. రావలసిన ఆ పాత ప్రశ్న కోసం మేము సిద్ధంగా నిలుచున్నాము.

“తెలుగు మాస్టారా! ఆ సంగతి మొన్ననే చెప్పవద్దుటండీ?” అన్నారు ఆయన, నిజంగా నొచ్చుకొని. “మా మనుమడు పదో తరగతి. ఛందస్సంటే పారిపోతున్నాడు. రెండు రాత్రులు ఇంట్లో మాస్టారిని పెట్టుకొని తెలుసుకోలేకపోయానే!”

ప్రక్కింటి నుండి మనుమడిని పిలిపించారు. మేము ఇంకా పెట్టె దించుతూ ఉండగానే హిందూపురం విద్యార్థి ఆ పిల్లవానిని మెట్ల మీద కూర్చోబెట్టుకొని, కాగితం మీద గురులఘువులు గుర్తించడం మొదలుపెట్టాడు. “ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ. మర్చిపోవద్దు. యాడ ఆగాల? పదో అక్షరం కాడ యతి” అని మా సీమ యాసలో చెబుతున్నాడు. బందరు పిల్లవాడు తల ఊపుతున్నాడు. మేము కలుగజేసుకోలేదు. విజయవాడ బస్సు మాకు తప్పిపోయింది. తరువాతి బస్సుకు మేనేజరుగారు స్వయంగా వచ్చి ఎక్కించి, దారిలో తినడానికి బందరు లడ్లు పొట్లం కట్టి ఇచ్చారు.

దరఖాస్తు ఇంకా మా సొరుగులోనే ఉన్నది. అతడు తిరిగి అడగలేదు, మేమూ కదపలేదు. అడిగిననాడు సంతకం చేసి ఇస్తాము. ఉర్దూ చదువుకొంటే అతనికి మేలే జరుగుతుంది. కాని తెలుగు మనది కాదన్న కారణం మాత్రం ఆ కాగితంలో ఉండకూడదని చెబుతాము. ఆ కారణానికి మొదటి సాక్షిగా నిలువబోయినది ఒక లాడ్జీ రిజిస్టరులో తన పాఠ్యాంశాన్ని దాచుకొన్న అధ్యాపకుడే గనుక, ఆ మాట చెప్పే బాధ్యత కూడా అతనిదే.

కళాశాల కమిటీ వారికి ఒక మనవి. ఏడాదికి ఒక్కమారైనా కొందరు విద్యార్థులను ఇటువంటి ప్రయాణానికి పంపండి. పెద్ద హోటళ్ళు అవసరం లేదు. నాలుగు మంచాలు, ఒక బాల్చీ, మాట్లాడే మేనేజరు ఉంటే చాలు.