నూరు వాట్ల బల్బు ఉందా?

మా చిన్నాన్న అటక మీంచి దింపింది కాస్మిక్ స్టీరియో ఆంప్లిఫయర్. ఘంటసాల భగవద్గీత ఎల్‌పీ దాని మీదే వినాలని పట్టు. పాతపట్నంలో ఒక పాత రేడియో మెకానిక్ ఇంకా కొట్టు తెరుస్తున్నాడని తెలిసి నన్ను తోడు తీసుకెళ్లాడు. మహేంద్రతనయ దాటితే పర్లాకిమిడి, అంటే ఒడిశా. అందుకే ఆ కొట్లో మాటలు సగం తెలుగు, సగం ఒడియా. గోడ పొడుగునా పెళ్లిళ్లకీ జాతరలకీ మోగే అహూజా మైకుసెట్లు. ఇంట్లో పాట వినే పెట్టె రావడం అరుదట.

"ఇంటికాడ ప్లగ్గులో పెట్టీసినారేటి?" అన్నాడు చూడగానే. లేదన్నాం. "బతికించినారు బాబూ."

ఏళ్ల తరబడి మూలపడ్డ పెట్టెలో ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు ఎండిపోతాయి. నేరుగా 230 వోల్టులిస్తే ఏదో ఒకటి షార్టయి ట్రాన్స్‌ఫార్మర్‌ని కూడా కాల్చేయొచ్చు. అందుకని కరెంటు వైరుకి సీరీస్‌లో నూరు వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టి స్విచ్ వేశాడు. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోయింది. లోపల షార్టన్నమాట. ఎల్‌ఈడీతో ఈ పని జరగదు. ఫిలమెంట్ అయితే వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరిగి కరెంటుని అదుపులో ఉంచుతుంది. ఆ బల్బులు ఇప్పుడు సులువుగా దొరకవని గుడ్డలో చుట్టి సొరుగులో దాచుకున్నాడు.

పోయింది ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్, 2ఎన్3055. మైకా రేకు చిరగకుండా గోటితో లేపి, తెల్ల పేస్టు తుడిచి, కొత్తది బిగించేముందు ఒక డూప్లికేట్‌ని చూపించాడు. పైమూత హాక్సా బ్లేడుతో కోసి ఉంచాడు. 15 ఆంపియర్లు మోయాల్సిన దానిలో చిప్ నువ్వుగింజంత ఉంది. "పైన నంబరు సరిగ్గానే ఉంటాది," అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కండెన్సర్లు కూడా మార్చాక బల్బు ఒకసారి మెరిసి మందగించింది. స్పీకర్ తగిలించకముందే టెర్మినళ్ల దగ్గర మీటరు పెట్టి డీసీ లేదని చూసుకున్నాడు. తర్వాత కరకరలాడే వాల్యూమ్ కంట్రోల్‌లో క్లీనర్ కొట్టి, అటూ ఇటూ తిప్పుతూనే జాగ్రత్తలు చెప్పాడు. రికార్డ్ ప్లేయర్‌ని ఫోనోలోనే పెట్టాలి. దాని కార్ట్రిడ్జ్ ఇచ్చేది కొద్ది మిల్లీవోల్టులే, రికార్డు కోసేటప్పుడు తగ్గించిన బేస్‌ని తిరిగి పెంచేదీ ఆ సర్క్యూటే. ఫోన్ అయితే ఆక్స్‌లో. స్పీకర్లు 8 ఓమ్‌లవి. ఒక్కో వైపు రెండేసి పారలల్‌గా కలిపితే 4 ఓమ్‌లై ట్రాన్సిస్టర్ల మీద బరువు పడుతుంది. మూత చిల్లుల మీద ఏదీ కప్పకూడదు. చిన్నమ్మ అల్లిన లేసు గుడ్డ అప్పటికే సిద్ధంగా ఉంది!

పాత శబ్దం కొత్తదాని కన్నా గొప్పదని నేను ఒప్పుకోను. కానీ దీన్ని విప్పితే ఏ తీగ ఎక్కడికెళ్తుందో కంటికి కనిపిస్తుంది, పోయిన ముక్కని నంబరుతో అడిగి తెచ్చుకోవచ్చు. ఈ రోజుల్లో వచ్చే బ్లూటూత్ డబ్బాల్లో చాలావాటికి ఆ అవకాశమే లేదు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాడు మొబైల్ షాపుకి వెళ్లిపోయాడట. తప్పెలా పట్టను?

బిల్లు రాశాడు. కండెన్సర్లకి, ట్రాన్సిస్టర్‌కి చిన్నాన్న మారు మాట్లాడలేదు. మజూరీ దగ్గరికొచ్చేసరికి, "రోజంతా కూచున్నంత మాత్రాన ఇంతా?" అని బేరం మొదలెట్టాడు. నేను కల్పించుకున్నాను. దారంతా నాతో మాట్లాడలేదు.