బలహీనుడి పక్షం

బలవంతుడికీ బలహీనుడికీ పోటీ పడితే, ఇద్దరితోనూ సంబంధంలేని ప్రేక్షకుడు సాధారణంగా బలహీనుడి వైపు మొగ్గుతాడు. దీన్ని మనిషి మంచితనానికి నిదర్శనంగా చెప్పుకోవటం పరిపాటి. ఈ మాట ఎంతవరకు నిజమో పరిశీలించవలసి వున్నది.

మా గోదావరిఖని కాలనీ మైదానంలో కబడ్డీ పోటీలు జరిగినప్పుడు నేనీ సంగతి చాలాసార్లు గమనించాను. ఒకవైపు బూట్లూ, ఒకే రంగు బనీన్లూ వున్న జట్టు. మరోవైపు ఏదో పల్లెనుంచి వచ్చిన వట్టికాళ్ల కుర్రవాళ్లు. వాళ్ల ఊరు పేరైనా చూసేవాళ్లలో చాలామందికి తెలియదు. ఐనా వాళ్లలో ఒకడు, నలుగురు పట్టుకున్నా పెనుగులాడి గీత ముట్టాడంటే మైదానం ఈలలతో మారుమోగుతుంది. మొదటి షిఫ్టు దిగి వచ్చిన కార్మికులే అందరికన్న గట్టిగా అరుస్తారు.

ఎందుకీ ఆనందం? జాలివల్ల అందామంటే, జాలిలో ఇంత ఉత్సాహం వుండదు. బాయిలోకి, అనగా గనిలోకి, దిగే మనిషికి చాలా సంగతులు ముందే నిర్ణయమై వుంటాయి: ఏ షిఫ్టు, ఏ పని, ఎంత జీతం. మైదానంలో వట్టికాళ్ల కుర్రవాడొకడు అందరూ వేసిన లెక్కను తప్పించాడంటే, తన బతుకులోని లెక్క కూడా ఎప్పుడో తప్పవచ్చునన్న ఆశ అతనికి కలుగుతుంది. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో 183 పరుగులకే ఆలౌటైన భారత జట్టు వెస్టిండీస్‌ను 140కే పడగొట్టినప్పుడు దేశం పొంగిపోయింది. అందులో దేశాభిమానంతోపాటు ఈ ఆశ కూడా వున్నది.

ఈ ఆశకు గెలుపు కూడా అవసరం లేదు. కప్పం కట్టలేమన్న కోయలమీదికి కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిందనీ, ఆ పోరులో కోయవీరులు నేలకొరిగారనీ సమ్మక్క సారలమ్మల కథలో జనం చెప్పుకుంటారు. రెండేళ్లకొకసారి మేడారంలో లక్షలాదిమంది బెల్లం మోసుకుపోయి మొక్కేది ఆ తల్లీకూతుళ్లకే. గెలిచిన రాజుకు జాతర లేదు.

ఐతే ఆ ప్రతాపరుద్రుడే 1323లో ఢిల్లీ సేనకు ఓడి బందీ అయిన కథ చెప్పండి. అదే శ్రోత ఈసారి రాజుకోసం కంటతడి పెడతాడు. మనిషి మారలేదు, ఎదుట నిలబడ్డవాడు మారాడు. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టి చూపితే దాన్నిబట్టి మన సానుభూతి మారుతుందన్నమాట. కనుకనే కోట్లు గడించిన సినిమా కథానాయకుడు తెరమీద కూలివాడవుతాడు. పదవిలో వున్న నాయకుడు అందరూ తనమీద కత్తికట్టారని సభలో వాపోతాడు. చప్పట్లు ఇద్దరికీ పడతాయి.

ఇంతకన్న పెద్ద చిక్కు మరొకటి వున్నది. చిన్న పక్షంమీద జనానికి వుండే ఈ అభిమానాన్నిగురించి 2008లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. దూరంనుంచి చూసే పోటీలో చిన్న పక్షాన్ని కోరుకునేవాళ్లే, తాము తాగే నీళ్లను ఎవరు పరీక్షించాలన్న ప్రశ్న వచ్చేసరికి దాన్ని వదిలేశారని ఆ పరిశోధకులు గమనించారు.

ఇందుకు అమెరికా దాకా పోనక్కరలేదు. 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు జీతాల పెంపు కోరుతూ రెండు వారాలకు పైగా సమ్మె చేశారు. పర్మనెంటు కార్మికులు పీల్చే దుమ్మే వీళ్లూ పీలుస్తారు. కాని పర్మనెంటు కార్మికులకు ఏటా అందే లాభాల వాటాలో వీళ్లకు అప్పటికి ఏమీ లేదు. 2024లో తొలిసారి తలా 5,000 రూపాయలు ప్రకటించారు. ఆ సమ్మె రోజుల్లో చాయ్ హోటలు ముందు ఒక మాట విన్నాను: “వాళ్లడిగేది న్యాయమేనే. బొగ్గు తగ్గితే వచ్చే యేడు మన వాటా తగ్గదా అన్నా?”

ఆ మాటన్నవాడు దుర్మార్గుడు కాడు. వట్టికాళ్ల కుర్రవాళ్లకోసం గొంతు పోయేలా అరిచేవాళ్లలో ఒకడు. సమ్మె శిబిరానికి పోయి కూర్చున్న పర్మనెంటు కార్మికులూ లేకపోలేదు. వాళ్లకూ ఇళ్లూ అప్పులూ వున్నాయి; వాటా లెక్క వాళ్లకూ తెలుసు. తెలిసే వెళ్లారు.

మైదానంలోని ఈలను నేను చిన్నచూపు చూడను. లెక్క తప్పవచ్చునన్న ఆశ లేనివాడు ఏ సమ్మెకూ రాడు. కాని అక్కడ బలహీనుడు గెలిస్తే మనకు పోయేదేమీ లేదు. బయట గెలిస్తే మన వాటాలోంచి కొంత పోవచ్చు. పోయినా ఫరవాలేదని అన్ననాడే అతని పక్షాన నిలిచినట్టు.

ఈ విషయం రచయితలకూ వర్తిస్తుంది. మన కథల్లోని పేదవాడికోసం పాఠకుడు కన్నీరు కారిస్తే మనం తృప్తిపడుతున్నాం. పుస్తకం మూసి బజారులోకి వచ్చాక ఆ పాఠకుడు ఎవరితో బేరమాడుతున్నాడో, ఎవరి కూలి తగ్గిస్తున్నాడో కూడా మనకు పట్టాలి.