హంసలదీవి దాకా పోయొద్దాం, రండి

మే నెలలో సత్తెనపల్లి దగ్గరి మన ముప్పాళ్ళలో ఉన్నవాణ్ణి పట్టుకుని ‘ఎడారి చూపిస్తా రా’ అంటే నవ్విపోతాడు. కానీ సముద్రం ఒడ్డునే ఎడారి ఉంటుందంటే నమ్ముతారా? ఆఫ్రికాలోని నమీబియాలో ఉందండీ. అక్కడ ఒక నల్లపురుగు తెల్లవారుజామున ఇసుక దిబ్బెక్కి, తల కిందికి, వెనకభాగం పైకి పెట్టి నిలబడుతుంది. పొగమంచు దాని ఒంటిమీద బొట్లు కట్టి నోట్లోకి జారుతుంది. అదే దాని మంచినీళ్ళ కుళాయి.

అలాంటి చోటు మన సముద్రం ఒడ్డునా ఉందేమో చూద్దామంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ పార్కులు మూడున్నాయి. శేషాచలంలో ఒకటి, పాపికొండల్లో ఒకటి, పెన్న ఒడ్డున రామేశ్వరం దగ్గర ఒకటి. ఒక్కటీ సముద్రం మొహం చూసింది కాదు. అందుకని హంసలదీవి దగ్గరి కృష్ణా అభయారణ్యంతో సరిపెట్టుకుందాం. తక్కువదేం కాదు లెండి, 1989లో ప్రకటించారు, 194 చదరపు కిలోమీటర్ల పైమాటే.

చీకటితోనే లేచి సత్తెనపల్లి, గుంటూరు, తెనాలి, రేపల్లె. పెనుమూడి దగ్గర వంతెన దాటితే పులిగడ్డ. 2006లో ఈ వంతెన వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే పడవన్నా ఎక్కాలి, బెజవాడన్నా చుట్టాలి. తర్వాత అవనిగడ్డ, కోడూరు, ఆపైన హంసలదీవి. వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని పాలకాయతిప్ప తీరం వైపు నడవండి. మాఘ పౌర్ణమికి ఇక్కడ ఇసకేస్తే రాలదు. మామూలు రోజుల్లో ఇసకా గాలీ తప్ప ఇంకేం ఉండవు. ఆ ఇసక మీద రావణాసురుడి మీసాలనే ముళ్ళ బంతులు గాలికి దొర్లుతూ గింజలు చల్లుకుంటూ పోతుంటాయి.

అసలు చూడాల్సింది మడ అడవి. కాళ్ళ కింద బురద, ఎటు చూసినా నీళ్ళు, అయినా ఆ చెట్లు బతికేది ఎడారి మొక్కల్లాగే. నీళ్ళన్నీ ఉప్పే కదా మరి! ఒక మడ ఆకు తెంపి ఎండకు పట్టి చూడండి. తోలులా దళసరిగా ఉంటుంది, మీద సన్నటి తెల్లటి పలుకులు మెరుస్తాయి. వేరు పీల్చిన ఉప్పును ఆకు చెమటలా బయటికి నెట్టేస్తుంది. నాలిక్కి రాసుకుంటే తెలుస్తుంది. మడే రాసుకోండి సుమా, పక్కనున్న తిల్లచెట్టు జోలికి మాత్రం పోకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

నాకు కడుపు రగిలేదల్లా నది సంగతి. సాగర్ కుడికాలువలో మన మిరపచేలకు పారిన కృష్ణే ఇక్కడికీ రావాలి. పులిచింతలా, ప్రకాశం బ్యారేజీ దాటాక ఎండాకాలంలో రావడానికి మిగిలేదెంత? మడకు ఉప్పుతోపాటు కాస్త తీపినీళ్ళూ కావాలి. ఉప్పెన విసురును ముందు కాచేవి ఈ చెట్లే. 1977 నవంబరు 19న ఉప్పెనలో వేలమందిని పోగొట్టుకున్న ఈ దివిసీమకు ఇది వేరే చెప్పాలా?

ఈ మడల్లో తిరిగే బావురుపిల్లి కనపడుతుందా అని మాత్రం అడక్కండి. అది రాత్రి తిరిగే జంతువు, మీరేమో చీకటి పడేలోగా బయటపడాలి. పులిహోర పొట్లాలూ, అంతకన్నా ముఖ్యంగా మంచినీళ్ళూ ఇంటినుంచే పట్టుకెళ్ళండి. ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదలడం చూడాలని ఉంటే ఎండాకాలం మొదట్లో వెళ్ళాలి. అదీ తెల్లారకముందే ఒడ్డున ఉండాలి. ముప్పాళ్ళలో ఎంత పొద్దున్నే బయల్దేరినా అందదు, ముందు రాత్రి అవనిగడ్డలో పడుకోవాల్సిందే.