శాన్ డియేగో టోకెను

బరంపురంలో పుట్టి, అక్కడే కామర్సు చదివి, ముప్పై ఏళ్ళకు పైగా బ్యాంకు కౌంటరుకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి నేను. క్యూ గురించి నాకు ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదనుకునేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇత్తడి టోకెన్లు ఇచ్చేవాళ్ళం. ముందొచ్చినవాడికి ముందు నంబరు, అంతే. ఆ ధర్మం అన్నిచోట్లా చెల్లదని నాకు నేర్పినవాడు మా అబ్బాయి.

వాడు శాన్ డియేగోలో ఉద్యోగం చేస్తున్నాడు. 2024లో వేసవి వెళ్ళాక ఒకరోజు ఫోనులో, "నాన్నా, వచ్చే జూలైలో మీరూ అమ్మా వస్తున్నారు కదా, కామిక్-కాన్‌కి వెళ్దామా?" అన్నాడు. టికెట్లు కొందామన్నాను. వాడు నవ్వి, "కొనడమే అసలు కష్టం. మీరూ సాయం పట్టాలి" అన్నాడు.

నన్ను సాయం అడిగి వాడికి చాలా ఏళ్ళయింది. కారణం నాకు తెలుసు. వాడు పదో తరగతిలో ఉండగా, పరీక్షల ముందు ఒక ఆదివారం, వాడు ట్యూషనుకు వెళ్ళిన సమయం చూసి, వాడి బొమ్మల పుస్తకాల అట్టపెట్టెను పాత కాగితాల కొట్టులో తూకానికి వేశాను. రైల్వే స్టేషను పుస్తకాల షాపులో ఒక్కొక్కటే కొనుక్కుని దాచుకున్నవి. నా చేతికి వంద రూపాయలు కూడా రాలేదు. వాడు అరవలేదు, ఏడవలేదు. ఆ రోజు నుంచి నాతో అవసరమైనంత మటుకే మాట్లాడేవాడు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. అందుకని సరైన పనే చేశాననుకుంటూ వచ్చాను. కాబట్టి వాడు సాయం అడగ్గానే, అదేమిటో తెలియకుండానే సరేనన్నాను.

తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. కామిక్-కాన్ అంటే బొమ్మల కథలు, సినిమాలు, ఆటబొమ్మలు అంటే ప్రాణమిచ్చేవాళ్ళ జాతర. 1970 మార్చిలో ఒక్కరోజు ముచ్చటగా మొదలై, అదే ఆగస్టులో శాన్ డియేగోలోని యు.ఎస్. గ్రాంట్ హోటల్లో మూడు రోజులు జరిగింది. అప్పుడు వచ్చినవాళ్ళు సుమారు 300 మంది. 1991 నుంచి సముద్రపు ఒడ్డున ఉన్న కన్వెన్షన్ సెంటర్లో జరుగుతోంది. ఇప్పుడు వచ్చేవాళ్ళు 1,30,000కు పైమాటే. మనవాళ్ళకు దీని పేరు బాగా తెలిసింది 2023 జూలైలో. ప్రభాస్, కమల్ హాసన్, రానా అక్కడికి వెళ్ళడం, 'ప్రాజెక్ట్ కె' అసలు పేరు 'కల్కి 2898 ఏడీ' అని ఆ వేదిక మీదే ప్రకటించడం పత్రికల్లో చదివే ఉంటారు.

ఇక టికెట్టు సంగతి. వాళ్ళు దాన్ని బ్యాడ్జి అంటారు. ముందుగా ప్రతివారూ ఒక మెంబర్ ఐడీ తీసుకోవాలి. అది ఉచితమే కానీ గడువు దాటితే ఆ ఏడాదికి పనికిరాదు. క్రితం ఏడు వెళ్ళినవాళ్ళకు ఒక అమ్మకం, అందరికీ మరో అమ్మకం. ఆ రోజు కంప్యూటరులో ఒక నిరీక్షణ గదిలోకి వెళ్ళి కూర్చోవాలి. అమ్మకం మొదలవగానే గదిలో ఉన్నవాళ్ళందరికీ వరస నిర్ణయిస్తారు. ఎవరు ముందొచ్చారన్నది లెక్కలోకి రాదు. అంతా లాటరీయే.

మొదట నాకిది అన్యాయంగా తోచింది. తరవాత ఆలోచిస్తే మనకు తెలిసిన లెక్కే. షేర్ల ఇష్యూకు విపరీతంగా దరఖాస్తులు వచ్చినప్పుడు చిన్న మదుపరులకు లాటరీ తీయరూ? అందుకే కదా మన ఇళ్ళల్లో భర్త పేర, భార్య పేర, కొడుకు పేర విడివిడిగా వేస్తారు. ఇక్కడా అంతే. ఒక్కొక్క ఐడీ ఒక్కొక్క దరఖాస్తు. ఎవరి వంతు వచ్చినా తనతో కలిపి ముగ్గురికి కొనవచ్చు. అంటే మేం ముగ్గురం విడివిడిగా కూర్చుంటే మూడు అవకాశాలు. ఈ మాట చెప్పగానే, "భలే పట్టేశారు నాన్నా" అన్నాడు.

పిల్లలు అడిగితే పనికొస్తుందని మా తయారీ రాస్తున్నాను. మొదటిది పేరు. మనకు ఇంటిపేరు ముందు, వాళ్ళకు చివర. మరొకరికి బ్యాడ్జి కొనాలంటే వారి ఐడీ, ఇంటిపేరు రెండూ సరిపోవాలి. పాస్‌పోర్టు ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా నింపాను. రెండోది కార్డు. 2020 నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం కొత్త కార్డులు విదేశీ చెల్లింపులకు మనంతట మనం తెరిస్తే తప్ప పనిచేయవు. రోజూ ఖాతాదార్లకు చెప్పే నేనే నా కార్డు తెరుచుకోలేదు! ముందురోజు చూసుకున్నాను కాబట్టి బతికిపోయాను. మూడోది వేళ. వాళ్ళ శనివారం ఉదయం మనకు శనివారం రాత్రి. నాలుగోది ఏ రోజు దొరక్కపోతే ఏ రోజు తీసుకోవాలో ముందే రాసి పెట్టుకోవడం. వంతు వచ్చాక ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అరవై దాటినవాళ్ళకు ధర తక్కువట. నాకింకా రెండేళ్ళుంది!

ఆ రాత్రి మా ఆవిడ ఒక కంప్యూటరు ముందు, నేను మరో దాని ముందు కూర్చున్నాం. అక్కడ వాడు. ఫోను స్పీకరులో పెట్టుకున్నాం. తెర మీద నీలిచక్రం గిరగిరా తిరుగుతూనే ఉంది. మొదట టికెట్ల గురించే మాట్లాడుకున్నాం. తరవాత వాడి ఆఫీసు గురించి, వంట గురించి, పోయిన మామ్మ గురించి. పదేళ్ళలో మాట్లాడుకోనంత మాట్లాడుకున్నాం. శనివారం అయిపోయిందని కబురు. శుక్రవారం, గురువారం కూడా అయిపోయాయి. అంతలో నా తెర మారింది. చేతులు వణికాయి. ఆదివారం మాత్రమే మిగిలింది. మూడు ఐడీలు, మూడు ఇంటిపేర్లు, కార్డు నంబరు. "వచ్చేశాయిరా!" అని నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు దీపం వేశారు.

2025 జూలై 27, ఆదివారం. ఎర్రటి ట్రాలీ రైలు దిగేసరికి ఎదురుగా తెల్లటి తెరచాపల్లాంటి పైకప్పుతో కన్వెన్షన్ సెంటరు, వెనక సముద్రం. పట్టాలకు ఇవతల గ్యాస్‌ల్యాంప్ వీధులు. వేషాలు చూస్తుంటే మా బరంపురం ఠాకురాణి జాతర గుర్తుకొచ్చింది. అక్కడ మొక్కుబడికి వేషాలు కడతారు, ఇక్కడ ఇష్టానికి. ఆదివారం పిల్లల రోజట. చంకన ఎత్తుకున్న పసివాడికి కూడా వేషమే.

ఆ రోజు 'హాల్ హెచ్'లో జార్జ్ లూకాస్ మాట్లాడారు. ఆయన ఈ ఉత్సవం వేదిక ఎక్కడం అదే మొదటిసారట. 6,500 మంది పట్టే ఆ హాలు కోసం రాత్రంతా గడ్డి మీద పడుకున్నవాళ్ళున్నారు. మాకు సందు దొరకలేదు. వాడు బాధపడలేదు. "పాత పుస్తకాల వైపు వెళ్దాం" అన్నాడు.

అక్కడ పొడుగాటి అట్టపెట్టెల్లో, ఒక్కొక్క పుస్తకం ఒక్కొక్క ప్లాస్టిక్ తొడుగులో. ధరలు చూసి నా గుండె ఆగినంత పనైంది. వాడు చూపుడువేలితో ఒక్కొక్కటే మెల్లగా వెనక్కి వాలుస్తూ చూస్తున్నాడు. చిన్నప్పుడు మంచం కింద కూర్చుని ఇలాగే చూసేవాడు. నేను ఉండలేక, "ఆ రోజు ఆ పెట్టె అమ్మకుండా ఉండాల్సిందిరా" అన్నాను.

వాడు తలెత్తకుండానే, "సాయంత్రం ఆ కొట్టుకు వెళ్ళి నాలుగు వెనక్కి కొనుక్కొచ్చాను నాన్నా. డబ్బులు మామ్మ ఇచ్చింది. మీకు చెప్పవద్దని తన ట్రంకుపెట్టెలో దాచింది. అక్కడే ఉండాలి" అన్నాడు.

మా ఆవిడకు తెలుసేమోనని ఆవిడ వంక చూశాను. ఆవిడ సముద్రం వైపు చూస్తోంది.

బరంపురం తిరిగొచ్చిన మర్నాడు మా అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. పట్టుచీరల అడుగున, పాత వార్తాపత్రికలో చుట్టి, నాలుగూ ఉన్నాయి. ప్లాస్టిక్ తొడుగులు తెప్పించి వేశాను. వాడు వచ్చినప్పుడు తీసుకువెళ్తాడు. ఈలోగా రోజుకొకటి చొప్పున చదివాను. బాగున్నాయి.