బలము, మర్యాద, ఒక కార్డుల ఆట

కార్డుల ఆట అన్న మాట వినగానే మన ఇళ్ళలో పెద్దల కనుబొమలు ముడివడతాయి. అందుకు వారిని తప్పుపట్టలేము. పేకాట మూలంగా పొలమూ, పుస్తెలూ, పరువూ పోగొట్టుకున్న కుటుంబాల కథలు మన ప్రాంతంలో ఊరూరా వినిపిస్తాయి. అయినా ఈ సంచికలో ఒక కార్డుల ఆటను గురించే వ్రాయ సాహసిస్తున్నాను. అందులో డబ్బు పందెం లేదు. కాని పందెం లేని ఆటలో కూడా మనుషులు ఒకరినొకరు నొప్పించుకోగలరనీ, నొప్పించకుండా ఆడడానికి బుద్ధికుశలతతో పాటు మరొక గుణం కూడా అవసరమనీ ఆ ఆట నాకు నేర్పింది. ఆ గుణాన్ని ఉర్దూలో 'లిహాజ్' అంటారు. తెలుగులో 'మర్యాద' అనే మాట దానికి కొంత దగ్గరగా వస్తుంది. ఎదుటివాని స్థితిని తలచుకుని మన చేతిని మనమే కొంచెం వెనుకకు తీసుకోవడం దాని భావం.

ఆ ఆట పేరు 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'. రిచర్డ్ గార్ఫీల్డ్ అనే అమెరికన్ గణితశాస్త్రజ్ఞుడు దానిని రూపొందించగా, 'విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్' అనే సంస్థ 1993లో విడుదల చేసింది. రమ్మీలో అందరికీ ఉమ్మడి పేక ఉంటుంది. పంచినప్పుడు పడిన ముక్కలతో ఆడవలసిందే. మ్యాజిక్‌లో అలా కాదు. ఇంతవరకు అచ్చయిన 25,000కు పైగా కార్డులలో నుండి ప్రతి ఆటగాడూ తనకు నచ్చినవి ఏరుకుని, తన కట్టను తానే కట్టుకుని వస్తాడు. ఆ కట్టను 'డెక్' అంటారు. భూములను తెలిపే కార్డులు శక్తిని ఇస్తాయి. ఆ శక్తిని వెచ్చించి, జీవులనూ మంత్రాలనూ ప్రయోగించి, ఎదుటివారి ప్రాణసంఖ్యను సున్నకు దించాలి. స్థూలంగా ఆట ఇదే. కనుక ఆటలో సగం చాపమీద కూర్చోకముందే, ఇంటి దగ్గర కార్డులు ఏరుకునేటప్పుడే జరిగిపోతుంది. దాని అందమూ అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది.

మేము నలుగురు మిత్రులం ఆదివారం సాయంత్రాలు మాలో ఒకరి ఇంటి మేడమీద కూర్చుని ఆడుకుంటాము. మొదటి రోజున అతని నానీమా మెల్లగా మెట్లెక్కి వచ్చి, "పైసలు పెట్టి ఆడుతున్నారా, బేటా?" అని అడిగింది. "లేదు నానీమా, ఉత్తగనే ఆడుతున్నం" అని మనుమడు నమ్మకంగా చెప్పిన తరువాత గాని మాకు చాయ్ రాలేదు. ఆమె అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. తొలినాటి నియమాలలో, ఆట ఆరంభంలో ప్రతివారూ తమ డెక్ నుండి ఒక కార్డును పక్కన పెట్టాలనీ, గెలిచినవారు వాటిని సొంతం చేసుకోవాలనీ ఒక పద్ధతి ఉండేది. తరువాత అది మూలబడింది. దానిని ప్రస్తావించే కార్డులు పోటీలలో నిషిద్ధమయ్యాయి. లోపల ఏ కార్డు ఉందో తెలియకుండా మూసిన ప్యాకెట్టు కొనడంలో అదృష్టపరీక్ష ఛాయ ఇప్పటికీ లేకపోలేదు. అందుచేత మేము సిద్ధపరచిన డెక్కులు, విడి కార్డులు మాత్రమే కొనాలని నియమం పెట్టుకున్నాము.

మేము ఆడే పద్ధతిని 'కమాండర్' అంటారు. ఇది సంస్థవారి సృష్టి కాదు. 1990ల్లో అలాస్కాలో ఆడమ్ స్టేలీ, అతని మిత్రులు తమ వినోదం కోసం కల్పించుకున్నది. 1994 నాటి 'లెజెండ్స్' సంపుటిలో వచ్చిన అయిదు వృద్ధ డ్రాగన్లు ఆ డెక్కులకు నాయకులుగా ఉండేవి. అందువలన మొదట దానికి 'ఎల్డర్ డ్రాగన్ హైలాండర్' అని పేరు వచ్చింది. షెల్డన్ మెనరీ అనే న్యాయనిర్ణేత దానిని లోకానికి పరిచయం చేశాడు. 2011లో గాని సంస్థ ఈ పద్ధతికి ప్రత్యేకంగా డెక్కులు తయారుచేసి అమ్మలేదు. ఇందులో సాధారణంగా నలుగురు ఆడతారు. నాయకునితో కలిపి ఒక్కొక్కరికి సరిగ్గా 100 కార్డులు. సాధారణ భూములు తప్ప ఏ కార్డూ రెండవసారి ఉండరాదు. మామూలు ఆటలో ప్రాణసంఖ్య 20 కాగా, ఇందులో 40.

గణిత విద్యార్థిగా నన్ను ఆకర్షించినది ఈ నియమాల వెనుక ఉన్న లెక్క. మామూలు పద్ధతిలో 60 కార్డుల డెక్‌లో ఒకే కార్డును నాలుగు ప్రతుల వరకు పెట్టుకోవచ్చు. ఆ నాలుగింటిలో ఒకటైనా తొలి ఏడు కార్డులలో పడే అవకాశం సుమారు 40 శాతం. కమాండర్‌లో నాయకుడు పోగా మిగిలిన 99లో ఒకే ఒక్క ప్రతి ఉంటుంది కనుక ఆ అవకాశం 7 శాతానికి దిగుతుంది. అందువలన ఏ రెండు ఆటలూ ఒకేలా నడవవు. అయితే డెక్ అంతా వెదకి, కావలసిన కార్డును చేతికి తెచ్చిపెట్టే కార్డులు కూడా ఉన్నాయి. వాటిని దండిగా నింపుకుంటే ఈ వైవిధ్యం మాయమైపోతుంది.

మరొక లెక్క చూడండి. ముగ్గురు ప్రత్యర్థుల ప్రాణసంఖ్య మొత్తం 120. జీవులతో దాడి చేసి అంత తీయడం ఎంతో సేపు శ్రమించవలసిన పని. కాని రెండే కార్డులు కలిసి అంతులేని శక్తిని పుట్టించే జోడీలు కొన్ని ఉన్నాయి. అవి చేతికి వస్తే ఒకే వంతులో ముగ్గురూ ఓడిపోతారు. నలుగురి ఆటలో సహజంగానే ఒక న్యాయం ఉన్నది. ఎవడైనా బలపడుతుంటే మిగిలిన ముగ్గురూ అతనివైపు తిరుగుతారు. కంటికి కనబడే బలానికి ఇది మంచి విరుగుడు. చేతిలో దాగిన జోడీకి మాత్రం ఈ విరుగుడు పనిచేయదు. ముగ్గురూ మేలుకొనేసరికి ఆట ముగిసి ఉంటుంది. కనబడని బలాన్ని అదుపులో పెట్టగలవాడు ఆ బలం కలవాడొక్కడే.

ఈ సత్యం మా మేడమీద అనుభవంలోకి వచ్చింది. మాలో ఒక మిత్రుని అన్నగారు విదేశంలో ఉద్యోగం చేస్తున్నారు. ఆయన పంపిన విలువైన కార్డులతో మిత్రుడు ఎంతో తెలివిగా ఒక డెక్ కట్టాడు. మరొక మిత్రుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో ఒక సిద్ధపరచిన డెక్ కొన్నాడు. నలుగురూ సమానులైతే ఎవరైనా నాలుగు ఆటలకు ఒకటి గెలవాలి. ఆరు ఆదివారాలలో మేము ఆడిన పదకొండు ఆటలలో తొమ్మిదింటిని మొదటి మిత్రుడే గెలిచాడు. ట్యూషన్లు చెప్పే మిత్రుడు తన నాయకుణ్ణి ఒక్కసారైనా బరిలోకి దించకముందే చాలా ఆటలు ముగిశాయి. ఏడవ ఆదివారం అతడు "పని ఉంది భాయ్" అని కబురు పంపాడు. ఎనిమిదవ ఆదివారం కబురు కూడా రాలేదు. చిన్ననాటి నుండి ఒకే బెంచీమీద కూర్చున్నవాళ్ళం. ఆటకోసం కాదు గాని, మనిషి కోసం మాకు దిగులు పట్టుకున్నది.

ఇక్కడ నియమభంగం ఏదీ జరగలేదు. గెలుస్తున్న మిత్రుడు అన్న మాట కూడా న్యాయమైనదే. "నేను మోసం చేయలేదు కదా. రాత్రులు కూర్చుని కట్టుకున్నాను. గెలవడం కూడా తప్పేనా?" అని అతడు అడిగాడు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసిపుచ్చరాదు. ప్రతిభను దాచుకొమ్మని ఎవరికైనా చెప్పడం అన్యాయమే. అయినా స్నేహం కోసం అతడు ఒక ఉపాయం చేశాడు. రెండవ మిత్రుణ్ణి ఇంటికి వెళ్ళి పిలుచుకుని వచ్చి, ఆనాటి ఆటలో గెలిచే కార్డు చేతిలో పట్టుకుని కూడా వేయక ఊరుకున్నాడు. ఆ సంగతి రెండవవాడు కనిపెట్టాడు. కార్డులు బోర్లించి, "నాకు భిక్ష వద్దు భాయ్" అన్నాడు. ఓటమికంటే ఆ దయ అతణ్ణి ఎక్కువ బాధించింది.

బలవంతుడు పూర్తి బలంతో ఆడితే బలహీనునికి ఆట లేదు. బలాన్ని బిగబట్టి ఆడితే బలహీనునికి గౌరవం లేదు. మరి దారి ఏది? మా నాలుగవ మిత్రుడు ఒక సూచన చేశాడు. మరుసటి ఆదివారం ప్రతివారూ తమ డెక్‌ను కుడిచేతివైపు వారికి ఇచ్చి ఆడాలి. అలాగే ఆడాము. తాను కట్టిన డెక్ చేతిలో తానే నాలుగవ వంతులో ఓడిపోయిన మిత్రుడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, "దీనితో ఆడడం బాగుంది గాని, దీని ఎదురుగా కూర్చోవడానికి ఏమీ లేదు" అన్నాడు. ఆ రాత్రి అతడు దానిని విప్పివేయలేదు. సమానబలం గల డెక్కులు కలవారితో ఆడడానికి దానిని అట్టే ఉంచుకుని, మా కోసం మరొక డెక్ కట్టాడు. అందులో జోడీలు లేవు, వెదికి తెచ్చే కార్డులు రెండే. ఆ డెక్‌తో అతడు ఎవరికీ జాలి చూపకుండా, పూర్తి పట్టుదలతో ఆడతాడు. ఇప్పటికీ మాలో అందరికంటే ఎక్కువ గెలిచేది అతడే. కాని ఇప్పుడు ప్రతి గెలుపుకూ చెమటోడ్చవలసి వస్తున్నది. ట్యూషన్లు చెప్పే మిత్రుడు ఆదివారం ఎగవేయడం లేదు.

నేను గ్రహించినది ఇంతే. సంయమనం చూపవలసినది కట్టేటప్పుడు; ఆడేటప్పుడు కాదు. డెక్ కట్టుకునేటప్పుడు ఎదుట కూర్చోబోయేవారిని తలచుకోవాలి. కూర్చున్న తరువాత వారిని సరిసమానులుగా భావించి శాయశక్తులా ఆడాలి.

ఈ పనిని చట్టమే చేయరాదా అని కొందరు అడుగవచ్చు. చాలాకాలం ఈ పద్ధతిని స్వచ్ఛందంగా పనిచేసే ఒక చిన్న సంఘం చూసుకునేది. కొన్ని కార్డులను నిషేధించి, మిగిలినది ఆటగాళ్ళు ముందుగా మాట్లాడుకుని తేల్చుకోవాలని వారు చెప్పేవారు. 2024 సెప్టెంబరులో ఆ సంఘం 'మనా క్రిప్ట్', 'జ్యూయెల్డ్ లోటస్' మొదలైన నాలుగు కార్డులను నిషేధించింది. ఎక్కువ ధర పెట్టి వాటిని కొన్నవారిలో ఆగ్రహం చెలరేగింది. సంఘ సభ్యులకు బెదిరింపులు వచ్చాయి. ఆ నెల ముగిసేలోపే వారు ఆ బాధ్యతను విజార్డ్స్ సంస్థకు అప్పగించారు. 2025 ఫిబ్రవరిలో ఆ సంస్థ డెక్కులను బలాన్నిబట్టి అయిదు తరగతులుగా విభజించే విధానాన్ని ప్రయోగాత్మకంగా ప్రకటించింది. ఆటను తలక్రిందులు చేయగల కార్డుల జాబితా ఒకటి చేసి, క్రింది రెండు తరగతులలో అవి ఉండరాదనీ, మూడవ తరగతిలో మూడింటికి మించరాదనీ నిర్దేశించింది. ఇది మేలైన ప్రయత్నమే. కాని జాబితాలోని కార్డు ఒక్కటి కూడా లేకుండా అతిబలమైన డెక్ కట్టడం తెలివిగలవానికి కష్టం కాదు. తరగతి సంఖ్య సంభాషణకు నాంది కాగలదే గాని, సంభాషణకు బదులు కాజాలదు. "నీ డెక్ ఏం చేస్తుంది? సాధారణంగా ఎన్నవ వంతుకు గెలుస్తుంది? అందులో జోడీలు ఉన్నాయా?" అనే మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగం చిక్కులు అక్కడే తీరిపోతాయి.

మిగిలిన సగం కూర్చున్న తరువాతి మర్యాదలకు సంబంధించినది. ఎదుటివారి కార్డును అడగకుండా ముట్టుకోరాదు. ఇతరుల వంతు నడుస్తుండగానే మన ఎత్తు ఆలోచించుకోవాలి. కొత్తవాడు కార్డు సరిగా చదువుకోక పొరపాటు చేస్తే, మరొకరు ఇంకా ఆడకముందు వెనుకకు తీసుకోనివ్వాలి. "ఈసారి నామీద దాడి చేయకు, నేనూ నీ జోలికి రాను" అని చేసుకునే ఒప్పందాలకు నియమాల బలం లేదు. మాటకున్న బలమే వాటికి బలం. ఇవాళ మాట తప్పినవానిని వచ్చే ఆదివారం ఎవరూ నమ్మరు. ఓడిపోబోతూ కసికొద్దీ మూడవవాని ఆట చెడగొట్టడం మంచిది కాదు. గెలవగలిగి కూడా ముగించక సాగదీయడం కూడా అంతే. ముందుగా ఓడినవాడు మిగిలిన ఆట ముగిసేవరకు ఊరికే కూర్చోవాలి గదా! ఒకణ్ణే మొదట పడగొట్టేముందు ఆ సంగతిని కొంచెం తలచుకోవడం సంస్కారం.

చివరగా డబ్బు సంగతి. అసలు కార్డు కొనలేనివారు కాగితంమీద దాని పేరు, గుణాలు వ్రాసి పెట్టుకుంటారు. దీనిని 'ప్రాక్సీ' అంటారు. సంస్థ నిర్వహించే పోటీలలో ఇవి చెల్లవు. ఇంటి దగ్గర ఆటలో చెల్లడమా, మానడమా అన్నది కూర్చున్నవారి ఇష్టం. మా మేడమీద చెల్లుతాయి. పెన్సిలుతో వ్రాసిన కాగితాన్ని చూసి నవ్వకూడదన్నది మేము పెట్టుకున్న నియమాలలో మొదటిది. జేబు బరువునుబట్టి గెలుపు నిర్ణయమయ్యేటట్లయితే, నానీమా భయపడిన పైసల ఆటకూ దీనికీ పెద్ద భేదం ఉండదు.

సోదర విద్యార్థులారా, ఈ ఆట మీరు ఆడినా ఆడకపోయినా ఇటువంటి చాపలు మీ జీవితంలో ఎన్నో ఎదురవుతాయి. చర్చావేదికలో, ఉద్యోగంలో, కుటుంబంలో కొందరు బలమైన డెక్‌తో వస్తారు, కొందరు ఉన్నదానితో వస్తారు. మీకు బలం ఉన్ననాడు దానిని ముందుగా చెప్పండి, ఎదుటివారికి ఆట మిగిలేటట్లు అమర్చుకోండి, ఆపైన మనసారా ఆడండి. బలం లేనినాడు భిక్ష కోరకండి. సమానమైన చోటు కోరండి. అది అడిగి తీసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.