కొనిన వేగము, పెంచిన వేగము

ధనము వెచ్చించునప్పుడు మనుష్యుని వివేకము తేటపడినట్లు మఱియెప్పుడును తేటపడదు. బియ్యము కొనునప్పుడు గింజ కొఱికి చూచువాడును, వస్త్రము కొనునప్పుడు అంచును వెలుగునకు బట్టి చూచువాడును, కారు కొనునప్పుడు మాత్రము దాని రంగును, రొదయు, ఎదుటివారు తలత్రిప్పి చూచుటయు జాలుననుకొనుచున్నారు. వేగమునందు మక్కువగల యువకులున్న యిండ్లలో నిప్పుడొక వివాదము తఱచుగా వినవచ్చుచున్నది. బలమైన పెద్దకారును పాతదిగా గొనుట మేలా? చౌకకారును గొని ట్యూనింగు చేయించి బలము పెంచుకొనుట మేలా? ఇది వినోదమాత్రమైన ప్రశ్న కాదు. ఇందు కుటుంబధనమును, ప్రాణమును ఇమిడియున్నవి. కావున తీరికగా విచారింతము.

మా మేనల్లుడు హైదరాబాదున నుద్యోగి. అతడు రెండు పాతకార్లను మా యెదుట పోల్చి చూపెను. మొదటిది స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. 2017లో మనదేశమున వెలువడినప్పుడు దీని వెల 24 లక్షలకు బైమాట. రెండు లీటర్ల యింజను, 230 అశ్వశక్తులు, 350 న్యూటన్ మీటర్ల టార్కు. రెండవది ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. ఇది 2013లో 8 లక్షల లోపు వెలకు వచ్చినది. 1.2 లీటర్ల యింజను, 105 అశ్వశక్తులు, 175 న్యూటన్ మీటర్ల టార్కు. “మామయ్యా, పోలోను గొని మూడవవంతు బలము పెంచించుకొందును. పెద్దకారు సుఖము చిన్నకారు వెలకే వచ్చును గదా!” యని యతని వాదము. మరునాటికి మనసు మారి, ఆర్‌ఎస్‌ను గొనుటయే మేలనును. అట్లు కొనవలెనన్నచో మా అక్కయ్య, భర్త గతించిన పిమ్మట దాచియుంచిన బ్యాంకు డిపాజిటులో గొంత తీయవలెను. మా మేనకోడలి పైచదువునకు ఆ డిపాజిటే యాధారము.

ముందుగా ట్యూనింగు మాట. టర్బో ఇంజనులో బయటికి బోవు పొగయే చిన్న చక్రమును ద్రిప్పి, లోనికి గాలిని గ్రుక్కి పంపును. ఎంత గాలి గ్రుక్కవలెనో, ఎంత పెట్రోలు చిమ్మవలెనో, ఎప్పుడు నిప్పురవ్వ వేయవలెనో ఇంజను కంప్యూటరు నిర్ణయించును. ఆ లెక్కలను మార్చి వ్రాయుటయే రీమ్యాపు. పూటలో ముగియు పని. బలము నిజముగనే పెరుగును. అయితే ఆ బలమును మోయవలసినవి ఇతర భాగములు. పోలోలోని యేడు గేర్ల పెట్టె 250 న్యూటన్ మీటర్ల వఱకు మోయునట్లు నిర్మింపబడినది. 175ను మూడవవంతు పెంచినచో 233 అగును. నిర్మాతలు విడిచిన వెసులుబాటు నిందుమూలమున దాదాపు తినివేసినట్లే. పోలో వెనుకచక్రములకు డ్రమ్ము బ్రేకులే కలవు; ఆర్‌ఎస్‌కు నాలుగు చక్రములకును డిస్కులు గలవు. 80 కిలోమీటర్ల వేగమున బోవు బండిని నిలుపుటకు బ్రేకులు మ్రింగవలసిన వేడికంటె, 120 వేగమున రెండుంబావు రెట్లు వేడి మ్రింగవలెను. కంప్యూటరులో వ్రాత మార్చినవాడు బ్రేకులను మార్చలేదు.

చట్టమును మఱువరాదు. వాహనమును రిజిస్ట్రేషను పత్రములోని వివరములకును, నిర్మాత నిర్ణయించిన లక్షణములకును భిన్నముగ మార్చరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఆ యేటి చట్టసవరణమున, అనుమతి లేని మార్పునకు ఆఱు నెలల వఱకు కారాగారముగాని, మార్పొక్కింటికి 5,000 రూపాయల జుల్మానాగాని, రెండునుగాని విధింపవచ్చునని చేర్చిరి. బీమావారికి దెలుపక చేయించిన మార్పు, ప్రమాదము జరిగిననాడు పరిహారమునకే యడ్డు రావచ్చును. ఎవరికి దెలియునని యనువారు, ఆనాడు తమ యింటివారే యా బాధ ననుభవింతురని తలపరు.

ఇక పెద్దకారు. దీని బలము, బ్రేకులు, గేర్లపెట్టె ఒకదానికొకటి సరిపడునట్లు ఒకేచేత రూపొందినవి. ఈ విషయమున నిది నిస్సందేహముగ మేలు. కాని 24 లక్షల కారు సగమువెలకు దొరకినను, దాని బ్రేకుడిస్కు సగమువెలకు దొరకదు. ఆఱు గేర్ల పెట్టెలోని నూనెను 60,000 కిలోమీటర్ల కొకసారి మార్పింపవలెను. ఇట్టి బండ్లు తక్కువ సంఖ్యలో వచ్చినవి. 2020లో వచ్చిన 245 అశ్వశక్తుల ఆర్‌ఎస్ 200 మాత్రమే. వేగముకొఱకు గొన్న బండిని మొదటి యజమాని మెల్లగ నడిపియుండునని నమ్మరాదు. అతడును రీమ్యాపు చేయించి, అమ్మునాటికి దీసివైచియుండవచ్చును. కావున సర్వీసు లెక్కలు చూడవలెను. ఇంజను చల్లగ నున్నప్పుడే నడిపింపజేసి వినవలెను. టైరుపై నాలుగంకెలు చదువవలెను. 2319 యని యున్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున చేసినదని యర్థము.

ఈ చర్చ యంతయు వినుచున్న మా మేనకోడలు, “అన్నయ్యా, వెనుక సీటులో నెవరు కూర్చుందురు?” అని యడిగెను. అమ్మయు, తానును గూర్చుందురని యందఱికిని దెలియును. ఎవరును మాటాడలేదు. ఇండ్లలో కారునుగూర్చి పురుషులే తర్కించి పురుషులే తీర్పు చెప్పుట వాడుక; అందు బ్రయాణము చేయువారి ప్రాణమును, అందునకు సమకూర్చువారి సొమ్మును లెక్కకు రావు. అక్కయ్య మెల్లగ, “వెల యిచ్చుట ఒకనాటి మాట, పోషించుట ప్రతినెల మాట. రెండవదానికి నీ జీతము చాలునా?” యనెను. అతడు లెక్కవేసి చూచుకొనెను, చాలదు. తుదకు పోలోను మార్పులేవియు లేకుండ గొని, క్రొత్త టైర్లు వేయించి, బ్రేకు నూనె మార్పించెను. డిపాజిటు కదలలేదు.

మా మతమిది. పాతకారు వెలకు ఒక యేటి మరమ్మతుల సొమ్ము కలిపి, అప్పు లేక యియ్యగలవారికి పెద్దకారే యుచితము. అట్లియ్యలేనివారు చిన్నకారును చిన్నకారుగనే యుంచుకొని, మిగిలిన సొమ్మును టైర్లకు, బ్రేకులకు వెచ్చింపవలెను. 158 కిలోమీటర్ల హైదరాబాదు వెలుపలి వలయరహదారిపైనను కార్లకు 2023లో విధించిన పరిమితి గంటకు 120 కిలోమీటర్లే. దానికి 105 అశ్వశక్తులు ధారాళముగ జాలును. మిగిలిన బలము చూచువారికొఱకు. చూచువారు క్షణమాత్రము చూచి పోవుదురు. వాయిదాలు మాత్రము నెలనెలకును వచ్చుచుండును.