మెప్పును మేలును

చేతిపని యేదైన నొకటి చేసి, నలుగురికి చూపి, "ఎట్లున్నది?" అని యడుగని స్త్రీ మనలో అరుదు. వాకిట ముగ్గు పెట్టినను, పట్టుగుడ్డపై పువ్వు కుట్టినను, పాట పాడినను, పద్యము వ్రాసినను, పిమ్మట మన కన్నులు ఎదుటివారి మోమునే వెదకును. అప్పుడు వినవచ్చు మాట సాధారణముగా నొక్కటియే: "చాల బాగున్నది." ఈ మాట అనుటకు ఖర్చు లేదు, వినుటకు తీపి. మేమును దీనిని పలుమారులు వింటిమి, పలుమారులు అంటిమి. ఒకమారు మాత్రము, దీనిని అనినందులకే ఒక స్నేహితురాలిని సంవత్సరకాలము పోగొట్టుకొంటిమి. ఆ సంగతియు, అంతకు ముందు మాకు నిజము చెప్పిన యొక వృద్ధురాలి సంగతియు చెప్పుకొనుటకే యీ వ్రాత.

మేము బడికి పోయి చదువుకొన్నవారము కాము. మా తండ్రిగారే ఇంటియొద్ద శబ్దమంజరి, అమరకోశము, రఘువంశమున కొన్ని సర్గలు, భారతమున కొన్ని పర్వములు చెప్పిరి. పదునొకండవ యేట మొదటి కందపద్యము వ్రాసి వారికి చూపితిమి. వారు మెచ్చలేదు, కోపింపను లేదు. "ఆరవ గణమును లెక్కపెట్టుమమ్మా" అనిరి. లెక్కింపగా అది భగణము. కందమున ఆరవ గణము నలమైనను కావలెను, జగణమైనను కావలెను, భగణము కారాదు. మరునాడు దిద్ది చూపితిమి. "రెండవ పాదమున యతి చూడుమమ్మా" అనిరి. ఇట్లు ఎనిమిది దినములు గడచిన పిమ్మట, "ఇక దీనిని ఎవరికైన వినిపింపవచ్చును" అనిరి. ఆ మాటకు మేము పొందిన సంతోషము తరువాత ఎన్ని శాలువల మెప్పులు విన్నను పొందలేదు.

ఇట్టి తప్పులను చెప్పుట సులభము. చంపకమాలకు పాదమునకు 21 అక్షరములు; యతి 11వ అక్షరము. ఒకటి తప్పినచో వ్రేలు పెట్టి చూపవచ్చును. అందు వాదము లేదు, నొప్పియు తక్కువ. కాని గణములన్నియు సరిపోయియు పద్యమునకు ప్రాణము లేకున్నచో, దానిని పట్టి చూపుటకు ఛందోగ్రంథమున సూత్రము లేదు. అట్టి లోపమును చెప్పువారికి ధైర్యము కావలెను. వినువారికి అంతకంటె ఎక్కువ ధైర్యము కావలెను.

వివాహమై కాపురమునకు వచ్చిన కొన్ని యేండ్లకు మేము "ఉత్తరావిలాపము" అను పేర 32 పద్యములు వ్రాసితిమి. అభిమన్యుడు పడిన పిమ్మట ఆ బాలిక దుఃఖించుటయే అందలి కథ. మధ్యాహ్నవేళ ఇరుగుపొరుగు స్త్రీలను చేర్చి చదివితిమి. అందరును మెచ్చిరి. మావారితో పనిచేయు ఉపాధ్యాయులొకరు సరస్వతీ కటాక్షమనిరి. మాకు భూమిపై కాలు నిలువలేదు.

ఆ దినములలో మా మేనత్తగారు మా యింటికి వచ్చియుండిరి. వారికి చూపు మందగించినందున చదువలేరు, వినుటయే. మూడు సాయంకాలములు కూర్చుండి, ప్రతి పద్యమును రెండేసి మారులు చదివించుకొని వినిరి. ఉత్తర కన్నులను పద్మములతోను, కన్నీటిని ముత్తెములతోను, నిట్టూర్పులను మలయమారుతముతోను పోల్చిన పద్యములు అందు ఎన్నియో కలవు. అంతయు విని వారు ఇట్లనిరి: "ఏడ్చేవాళ్ళు ఇన్ని మాటలు ఏరుకోరే అమ్మాయీ. ఇందులో ఉత్తర ఏడవడం లేదు. నువ్వు చదువుకున్న అమరమే ఏడుస్తోంది."

మాకు కలిగిన కోపము ఇంతంత కాదు. పద్యము వ్రాయనేరని వృద్ధురాలికి మా శ్రమ యేమి తెలియునని తలచితిమి. రెండు దినములు అవసరమునకు మించి వారితో మాటాడలేదు. మూడవనాడు వంటయింటిలో ఇద్దరమును చిక్కుడుకాయలు ఒలుచుచుండగా వారు తలయెత్తకయే ఇట్లు చెప్పిరి: "మీ మామయ్య పోయిన రోజున నేనేమన్నానో తెలుసా? నలుగురూ చుట్టూ చేరి ఏడుస్తుంటే, 'మజ్జిగ కలిపి పెట్టాను, తాగనే లేదు' అన్నాను. ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నాను. నాకు అప్పుడు చంద్రుడూ గుర్తుకు రాలేదు, మన్మథుడూ గుర్తుకు రాలేదు."

మేము చేతిలోని కాయను అట్లే పట్టుకొని యుండిపోతిమి. ఆ రాత్రి తిక్కనగారి స్త్రీపర్వమును తీసి మరల చదివితిమి. బాల్యమున తండ్రిగారు చెప్పినప్పుడు అర్థము తెలిసినదే. కాని శోకము వచ్చినచోట ఆ మహాకవి మాటలు ఎంత చిన్నవి యగునో అప్పుడు గాని మా కంట పడలేదు. ముప్పదిరెండు పద్యములలో ఇరువదిమూడు తీసివేసితిమి. తొమ్మిది మిగిలినవి. మెచ్చిన పదిమందిలో ఒక్కరును మమ్ము ఆ తొమ్మిది పద్యములయొద్దకు చేర్పలేదు. నొప్పించిన యామె చేర్చినది. నొప్పించుటకు ముందు ఆమె మూడు సాయంకాలములు మాకొరకు వెచ్చించిన దనియు అప్పుడే గ్రహించితిమి.

ఇంత నేర్చుకొన్న మేము మాకు వంతు వచ్చినప్పుడు ఏమి చేసితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది.

మా వీధి చివరి యింటి వదినగారు మాకు ప్రాణస్నేహితురాలు. ఒక ధనుర్మాసమున, మా యూరి స్త్రీల సభలో చదువుటకై ఆమె గోదాదేవి కల్యాణమును నలువది పద్యములలో వ్రాసి, నాలుగు దినములు ముందుగా తెచ్చి, "వదినా, మీరు చూచి ఎట్లున్నదో చెప్పవలెను" అని మా చేతికిచ్చినది. ఆ రాత్రియే చదివితిమి. రెండు చోట్ల యతి తప్పినది. ఒక చంపకమాల పాదమున అక్షరములు 22 ఉన్నవి. పెండ్లికూతురి సొమ్ముల వర్ణన పదునొకండు పద్యములలో మరల మరల వచ్చినది. కాని నడుమ ఒక్క పద్యము కలదు. విష్ణుచిత్తుడు స్వామికై కట్టిన మాలలో వెండ్రుకను చూచి, బిడ్డపై కోపించుటకు నోరు రాక, ఆ వెండ్రుకను వ్రేలికి చుట్టుకొని నిలుచుండుట. ఆ పద్యము మేము వ్రాయగలిగినది కాదు.

మరునాడు ఆమె వచ్చి అడిగినప్పుడు, "చాల బాగున్నది వదినా, అన్నియు బాగున్నవి" అంటిమి.

ఎందుల కట్లంటిమి? అప్పుడు మాకు మేము చెప్పుకొన్న కారణము దయ. నాలుగు దినములలో సభ యుండగా ఆమె మనసు చెడగొట్టుట యెందుకని తలచితిమి. పిమ్మట విచారించుకొనగా దయ యందు పాలు తక్కువయే. తప్పు చెప్పినచో, బడిపంతులుగారి భార్య పాండిత్యము చూపుచున్నదని తలచునేమో యని భయము ఒక పాలు. మా పద్యములు సభకెక్కనందున ఈర్ష్య యని యనుకొనునేమో యని భయము ఇంకొక పాలు. కూర్చుండి నలువది పద్యములను ఆమెతో మరల చదువవలసి వచ్చునే యను సోమరితనము మిగిలిన పాలు. సోదరీమణులారా, మనము దయయని పిలుచు వస్తువును ఒకమారు చేటలో పోసి చెరిగి చూడవలెను. ఎంత గింజయో ఎంత పొట్టో తెలియును.

సభనాడు వదినగారు పదునైదు పద్యములు చదువునప్పటికి, వేదికపై కూర్చుండిన పండితులొకరు ఆపి, "ఈ పాదమున అక్షరమొకటి విందునకు పిలువకయే వచ్చినది" అనిరి. సభ నవ్వినది. ఆమె తడబడినది, తరువాతి యతిభంగమునకు మరల నవ్విరి. వెండ్రుక పద్యము వచ్చునప్పటికి వినువారు లేరు. ఆమె గొంతే ఆమెకు వినబడని స్థితిలో దానిని చదివి ముగించి దిగిపోయినది.

ఆ సాయంకాలము ఆమె మా గుమ్మమున నిలిచి, లోనికి రాకయే, "వదినా, మీకు తెలియలేదా, తెలిసియు చెప్పలేదా?" అని యడిగినది. తెలియలేదన్నచో అబద్ధము. తెలిసినదన్నచో ద్రోహము. మేము తలవంచుకొంటిమి. ఆమె వెడలిపోయినది. సంవత్సరము మా గడప త్రొక్కలేదు.

ఆ సంవత్సరమంతయు మేము ఈ విషయమునే తలపోసితిమి. "విమర్శ" అను మాటకు మూలమైన "మృశ్" ధాతువునకు తాకుట యను నర్థము కలదు. తాకి చూచుట, తడవి చూచుట, పిమ్మట ఆలోచించుట. మనము అన్నము ఉడికినదో లేదో మెతుకు పట్టి చూతుము. చీర నేతను వ్రేళ్ళతో తడవి చూతుము. దూరమునుండి రాయి విసరుట విమర్శ కాదు. దూరమునుండి పూలు చల్లుటయు విమర్శ కాదు. పండితుడు మొదటిది చేసెను. మేము రెండవది చేసితిమి. ఇద్దరమును ఆ పద్యములను తాకలేదు. మా మేనత్తగారు తాకిరి.

తప్పు చూపినంతమాత్రమున గౌరవము పోవునను భయమునకు మన పెద్దలే సమాధానము చెప్పియున్నారు. దోషము లేనిదియే కావ్యమని మమ్మటుడు లక్షణము చెప్పగా, విశ్వనాథుడు సాహిత్యదర్పణమున దాని నాక్షేపించెను. అట్లయినచో లోకమున కావ్యమే దొరకుట యరుదగుననియు, పురుగు తొలిచినను రత్నము రత్నమే యనియు ఆయన వాదము. అయినను తొలిచిన చోటును చూపకుండుమని ఆయన చెప్పలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో "కవిత్వతత్త్వ విచారము" ప్రకటించి పింగళి సూరన కావ్యములను విమర్శించిరి. సూరనకు దానివలన లోటు కలుగలేదు; చదువువారు పెరిగిరేగాని తగ్గలేదు.

అయితే విమర్శ యను పేర పనిని విడిచి మనిషిని పట్టుకొనుటయు కలదు. స్త్రీలమైన మనకు ఇది బాగుగా తెలియును. ముద్దుపళని "రాధికాసాంత్వనము"ను గూర్చి కందుకూరి వీరేశలింగముగారు, ఆమె పాండిత్యము నొప్పుకొనియే, ఆమె కులవృత్తిని పేర్కొని, అందలి శృంగారము స్త్రీ నోట రాదగనిదని గర్హించిరి. 1910లో ఆ గ్రంథమును ప్రకటించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, పురుషులు వ్రాసినప్పుడు లేని దోషము స్త్రీ వ్రాసినప్పుడు ఎట్లు వచ్చినదని ప్రశ్నించిరి. ఆ శృంగారము మనకు రుచించినను రుచింపకున్నను, ప్రశ్న న్యాయమైనది. పద్యమున దోషమున్నచో పద్యమునందు చూపవలెను. వ్రాసినవారి పుట్టుకయందు చూపరాదు.

ఇప్పుడు మేము పాటించుచున్న పద్ధతిని చెప్పెదము. ఎవరైన తమ రచన నిచ్చినచో, రెండు మారులు చదువక మాటాడము. మొదట, అందు నిజముగా నిలిచినది ఏదో వెదకి, దానిని పేరుపెట్టి చెప్పుదుము. "అన్నియు బాగున్నవి" అన్నచో నిజముగా బాగున్న దానికి రావలసిన మెప్పును దొంగిలించినట్లే. వదినగారి వెండ్రుక పద్యమునకు మేము చేసిన పెద్ద అన్యాయము అదియే. పిమ్మట తప్పును, ఇది ఇక్కడ అని చూపుదుము. ఒక దినమున మోయగలిగినంతయే చెప్పుదుము. నలుగురిలో చెప్పము. మా రచనకు తప్పు చెప్పినవారికి మూడు దినములవరకు బదులు చెప్పము; మొదటి రెండు దినములు మాటాడునది అహంకారమని అనుభవముచే తెలిసికొంటిమి.

సంవత్సరము తిరిగిన పిమ్మట మేము ఒక పని చేసితిమి. క్షమాపణ వ్రాసి, దానితో మా తొమ్మిది పద్యములను వదినగారికి పంపి, "మేము మీకు చేయనిది మీరు మాకు చేయవలెను" అని కోరితిమి. ఏడు దినములు బదులు లేదు. ఎనిమిదవనాడు ఆమె తానే వచ్చినది. లోనికి వచ్చి కూర్చుండి, కాగితములు తీసి, ఒక్కచోట మాత్రము పెట్టిన పెన్సిలు గుర్తును చూపినది. అది తొమ్మిదవ పద్యము. మేనత్తగారి మాటను తలచుకొని, యుద్ధమునకు పోవు మగనికై కలిపియుంచినది అట్లే మిగిలిపోయెనని ఉత్తర యనుచున్నట్లు వ్రాసినది.

"వదినా, ఇందు తక్రము అని వ్రాసితిరి. మీ యింట తక్రము ఎవరు త్రాగుదురు?" అని యామె యడిగినది.

గణము కొరకని చెప్పబోయి, లెక్కించి చూచుకొంటిమి. తక్రము భగణము. మజ్జిగయు భగణమే. అచట యతియు లేదు, ప్రాసయు లేదు. ఛందస్సు మమ్ము నిర్బంధింపలేదు. చదువుకొన్నామను గర్వమే నిర్బంధించినది. మేనత్తగారు చూపిన తప్పే, ఇరువదిమూడు పద్యములు తీసివేసిన తరువాతను, ఒక మాటలో దాగియున్నది.

మేము ఆమె యెదుటనే కలము తీసి, తక్రమును కొట్టివేసి, మజ్జిగ యని వ్రాసితిమి. ఆమె కాగితమును అందుకొని ఆ పద్యమును బిగ్గరగా చదివినది. చదివి ఏమియు అనలేదు. కొంతసేపటికి తన చేతిసంచి తెరచి, గోదాకల్యాణపు కాగితములను తీసి మా ముందు పెట్టినది.